పుట్టుమచ్చ పోయిన ఫోటో

ఈమధ్య పెళ్ళిళ్ళలో డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్ళు నన్ను చూస్తే చాలు, ఒకటే ప్రశ్న వేస్తున్నారు. "పెద్దాయనా, నిజం చెప్పండి. ఫిల్ములో క్వాలిటీ బాగుండేదా, డిజిటల్లో బాగుందా?" నేను ఫిల్ము అనాలి, వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకోవాలి. అందుకే అడుగుతారని నాకు తెలుసు. రిటైరయ్యాక నాకు మిగిలిన ఆస్తి ఖాళీ సమయం ఒక్కటే కాబట్టి, ఒక్క మాటలో చెప్పాల్సిన జవాబుని ఇంత పొడుగు చేసి చెప్తున్నాను. విసుగొస్తే వేలితో పైకి తోసెయ్యండి. మా కాలంలో పెద్దవాళ్ళు మొదలుపెడితే అలా తోసేసే సదుపాయం ఉండేది కాదు.

జగ్గయ్యపేటలో, బస్టాండు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక స్టూడియోలో నేను కెమెరామన్‌ని. గల్లాపెట్టె దగ్గర ఓనరు గారు, లైట్ల దగ్గర నేను. కలర్ రోలు పూర్తవగానే కవర్లో పెట్టి విజయవాడ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్ళం. అక్కడి ల్యాబువాళ్ళు కడిగి, ప్రింట్లు వేసి, మళ్ళీ ఏదో ఒక బస్సుకి ఇచ్చి పంపేవాళ్ళు. రెండు రోజులు పట్టచ్చు, నాలుగు పట్టచ్చు. ఆ లోపల తీసిన బొమ్మ ఎలా వచ్చిందో దేవుడికి కూడా తెలియదు. ఆ నాలుగు రోజులూ ఫోటోగ్రాఫరు ఎంత వినయంగా ఉండేవాడో మీరు ఊహించలేరు.

మా ఊరి గాలి గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి క్వారీలు, రోడ్డు మీద రాత్రింబవళ్ళు లారీలు. పొద్దున తుడిచిన అద్దం మీద మధ్యాహ్నానికి పేరు రాసుకోవచ్చు. ఆ దుమ్ము నెగటివు మీద వాలితే ప్రింటులో తెల్లచుక్కగా వస్తుంది. దాన్ని సన్నబ్రష్షుతో, రంగు కలిపి, ఊపిరి బిగబట్టి పూడ్చాలి. ఆ పనిలో నా చెయ్యికి పేరుండేది. కొండపల్లి బొమ్మలకి కళ్ళు దిద్దేవాడు కూడా నా బ్రష్షు చూసి తల ఊపాడని ఓనరు గారు అందరికీ చెప్పేవారు. ఆ బొమ్మలాయన మా స్టూడియోకి వచ్చింది పాస్‌పోర్టు ఫోటోకి, తల ఊపింది మెడ పట్టేసి. ఆ సంగతి మాత్రం ఓనరు గారు చెప్పేవారు కాదు.

ఇలా సాగుతుండగా ఓనరు గారు ఒక డిజిటల్ కెమెరా, ఒక కంప్యూటరు కొన్నారు. వాటితోపాటు హైదరాబాదులో కోర్సు చేసొచ్చిన ఒక మనిషిని కూడా తెచ్చి పెట్టారు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నన్ను "గురువుగారూ" అనేవాడు. ఆ పిలుపులో గౌరవం పావలా, వెటకారం ముప్పావలా. నేను ఆయన్ని "కంప్యూటరు గారు" అనేవాణ్ణి. అందులో గౌరవం ఎంతుండేదో లెక్క వెయ్యలేదు.

"ఏవయ్యా కంప్యూటరు గారూ, నీ దాంట్లో తెల్లచొక్కా వేసుకున్నాయన తెల్లకాగితం కట్టుకున్నట్టున్నాడు. గుండీలేవి?"

"మీ దాంట్లో గుండీలు కనిపించేసరికి ఆయన చొక్కా చిరిగిపోతోంది కదా గురువుగారూ!"

"పెళ్ళికూతురి కాసులపేరు చూడు, ఒక్క కాసూ విడిగా లేదు. మెడలో మంట పెట్టినట్టుంది."

"మీ దాంట్లో కాసులన్నీ లెక్కపెట్టుకోవచ్చండి. కాకపోతే పెళ్ళికూతురు కళ్ళు మూసేసింది. ఆ సంగతి మీకు పదహారు రోజుల పండగ నాటికి తెలిసింది."

ఇద్దరం పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి ఓనరు గారికే విసుగొచ్చి, ఒక పంచాయితీ పెట్టారు. ఆయనే కుర్చీలో కూచున్నారు. అదే లైటు, అదే నవ్వు, అదే కోటు. నా ఫిల్ముతో ఒకటి, కంప్యూటరు గారి డిజిటల్తో ఒకటి. రెండూ పెద్దవిగా వేయించి స్టూడియో ముందు వేలాడదీశారు. టీకొట్టాయన, గాజుల కొట్టావిడ, పక్కన దర్జీ వచ్చి తీర్పు చెప్పాలి.

నా బొమ్మలో ఓనరు గారి బుగ్గ మీద గుంటలున్నాయి, కళ్ళ కింద సంచులున్నాయి, చెవి మీద వెంట్రుకలున్నాయి. కోటు నలుపులో కూడా మడతలు విడివిడిగా కనిపిస్తున్నాయి. డిజిటల్ బొమ్మలో అవేవీ లేవు. కంప్యూటరు గారు మొహమంతా ఇస్త్రీ చేసేశాడు. నుదుటి మీద వెలుగు పడ్డ చోట ఒట్టి తెలుపు. దగ్గరికెళ్ళి చూస్తే చెవి అంచు మెట్లు మెట్లుగా ఉంది. టీకొట్టాయన, దర్జీ నాకు ఓటేశారు. గాజుల కొట్టావిడ డిజిటల్ అంది. ఓనరు గారు కూడా, "నేను ఇలాగే కదా ఉంటా" అని ఆ ఇస్త్రీ మొహానికే ఓటేసుకున్నారు. అప్పుడే ఆయన భార్య క్యారేజీ పట్టుకొచ్చింది. రెండు బొమ్మలూ కిందా మీదా చూసి, "ఇది మీరు. ఇదెవరండీ, మీ పినతండ్రి కొడుకా?" అని అడిగింది.

ఇంకొకరైతే అక్కడితో డిజిటల్ని అటకెక్కించేవారు. ఓనరు గారు వ్యాపారస్తుడు. "చూశావా, భార్యే గుర్తుపట్టలేదంటే ఎంత బాగొచ్చిందో! ఇకనుంచి పెళ్ళిచూపుల ఫోటోలన్నీ డిజిటల్లోనే" అని తేల్చేశారు.

అలా తేల్చిన తర్వాత వచ్చిన అమ్మాయిదే ఈ కథ.

ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో, రాయి నాణ్యత పరీక్షించే ల్యాబులో ఆ అమ్మాయికి ఉద్యోగం. తండ్రి మిరప, పత్తి వేసే రైతు. పొలం ఊళ్ళో, కాపురం పేటలో. పై పెదవికి కొంచెం పైన, కుడి పక్కన, మిరియపు గింజంత పుట్టుమచ్చ. నవ్వితే అది కూడా నవ్వుతుంది. ఫోటోలు తీసీ తీసీ మొహాలంటే మొహం మొత్తిన నాకే అది ముచ్చటగా అనిపించింది.

కుర్చీలో కూచుంటూనే ఆ అమ్మాయి చెప్పింది. "ఉన్నది ఉన్నట్టు రావాలండి. ఏమీ దిద్దొద్దు. ఇదివరకు వేరేచోట తీయించిన ఫోటో పంపితే, నన్ను తెల్లగా చేసేశారు. చూపులకి వచ్చినవాళ్ళు నన్ను చూడరండి. ఫోటోలో పిల్ల ఎక్కడుందా అని ఇల్లంతా వెతుకుతారు. రెండుసార్లు అలా అయింది. ఇంకోసారి అలా కూచోవటం నా వల్ల కాదు."

ఆ చివరి మాట అంటూ కుర్చీలో నిటారుగా సర్దుకుంది. తండ్రి నేల చూపులు చూశాడు. నాకు బాధనిపించింది. ఆ పిల్ల అడిగింది ఎంతో కాదు. తన మొహం తనకి ఉంచమంది, అంతే.

కానీ సంబంధం కుదిర్చే పేరయ్య ఆ సాయంత్రమే నందిగామ వెళ్తున్నాడు. ఫోటో అందుకోవాలి. విజయవాడ పంపి తెప్పించే వ్యవధి లేదు. కంప్యూటరు గారు డిజిటల్తో తీశాడు. నేను మాత్రం నా తృప్తి కోసం, అప్పటికే కెమెరాలో ఉన్న రోల్లో ఒక బొమ్మ తీసుకున్నాను. "ఎందుకండీ ఫిల్ము దండగ" అన్నాడాయన. "నీకెందుకు" అన్నాను.

ఆ అమ్మాయి డ్యూటీకి వెళ్ళిపోయింది. కంప్యూటరు గారు ఫోటోని తెర మీదికి తెచ్చాడు. ఇక్కడ మీకు ఒక చిన్న సంగతి తెలియాలి. మా నెగటివు మీద పడ్డ దుమ్ము ప్రింటులో తెల్లగా వస్తుందన్నానా? డిజిటల్ కెమెరాలో అలా కాదు. లెన్సు మార్చేటప్పుడు లోపలికి పోయిన దుమ్ము బొమ్మలో నల్లచుక్కగా పడుతుంది. మా ఊళ్ళో అయితే బొమ్మకి డజను చుక్కలు. అందుకని ఆయనకి ఒక అలవాటైపోయింది. నల్లచుక్క కనపడితే చాలు, ఆలోచన లేకుండా వేలు నొక్కేస్తుంది, చుక్క మాయమైపోతుంది. ఆ రోజు కూడా గోడ మీద చుక్కలు నొక్కాడు, చీర మీద చుక్కలు నొక్కాడు, మొహం మీద చుక్క కూడా నొక్కేశాడు. తండ్రి హడావుడిలో కవరు తీసుకుని, విప్పకుండానే పేరయ్యకి ఇచ్చేశాడు.

నా సన్నబ్రష్షు అయితే ఆ తప్పు చెయ్యదు. మాకు దుమ్ము తెలుపు, మచ్చ నలుపు. ఈ ముక్క నేను తర్వాత కొన్నేళ్ళపాటు ఆయనతో అంటూనే ఉన్నాను.

తర్వాత ఒక ఆదివారం స్టూడియోకి ఫోనొచ్చింది. ఆ అమ్మాయి తండ్రి. "మీ ఫోటో మా కొంప ముంచిందండి. పెళ్ళివారు వచ్చి కూచున్నారు. ఫోటోలో పిల్ల ఈ పిల్ల కాదంటున్నారు. మీరే వచ్చి చెప్పండి." ఓనరు గారికి వెంటనే ఎక్కడలేని నడుంనొప్పి వచ్చి, మా ఇద్దరినీ పంపారు. కంప్యూటరు గారు దారిలోనే ఫోటో కాపీ తీసి చూసుకున్నాడు. మొహం మాడిపోయింది. "దుమ్మనుకున్నా గురువుగారూ" అన్నాడు. నేను జేబు తట్టుకున్నాను. ఆ రోజు నేను తీసిన బొమ్మ నెగటివు అందులో ఉంది, కడిగించాను గానీ ప్రింటు వేయించలేదు. లోపల్లోపల నాకు పండగ్గానే ఉందని ఒప్పుకోవాలి. ఫిల్ము పరువు నిలబెట్టే రోజు వచ్చిందనుకున్నాను.

హాల్లో పెళ్ళివారు. పెళ్ళికొడుకు తండ్రికి నందిగామలో విత్తనాలు, పురుగుమందుల షాపు. పెళ్ళికొడుకు అమ్మమ్మ రెడ్డిగూడెం మనిషి. చేతిలో ఫోటో పట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, ఆవిడే జడ్జీలా కూచుంది.

"ఏం నాయనా, ఈ ఫోటో మీరు తీసిందేనా? ఈ పిల్ల ఆ పిల్లేనా? దీనికి మచ్చ లేదు, దానికి ఉంది. చెల్లెల్ని చూపించి అక్కని అంటగడదామనా?"

"నాకు చెల్లెళ్ళు లేరండి" అంది ఆ అమ్మాయి, మెల్లిగా.

కంప్యూటరు గారు చేతులు కట్టుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. దుమ్మనుకుని తీసేశా."

"పిల్ల మొహం మీద దుమ్మేంటయ్యా! వాళ్ళింట్లో నీళ్ళు లేవనుకున్నావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చూస్తున్నాను కాబట్టి తెలుసు, ఆ అమ్మాయి నవ్వలేదు. చేత్తో పెదవి పైన ఒకసారి తడుముకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన మొహంలో తనకిష్టమైన దాన్ని ఒకడు దుమ్మనుకుని తుడిచేశాడు, ఇంకొకరు అది ఉన్నందుకు దొంగ అంటున్నారు. అప్పటిదాకా నాలో ఉన్న పండగ కాస్తా దిగిపోయింది. ఈ పిల్ల మాట నిలబెట్టాలి అనుకుని ముందుకెళ్ళాను.

"అమ్మగారూ, కంప్యూటరు సంగతి వదిలెయ్యండి. నేను అదే రోజు ఫిల్ములో తీశాను. ఫిల్ము అబద్ధం చెప్పదు" అని, జేబులోంచి నెగటివు తీసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాను. "ఇదిగో, ఇక్కడ చుక్క చూడండి."

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది.

"చుక్క తెల్లగా ఉందేం?"

"నెగటివులో అన్నీ తిరగబడి ఉంటాయండి. నలుపు తెలుపౌతుంది."

"జుట్టు తెల్లగా ఉంది. పళ్ళు నల్లగా ఉన్నాయి. ఇది పిల్లేంటయ్యా, నా ఈడుదిలా ఉంది!"

ఇంకా ఏదో చెప్పబోతూ, ఆవిడ పక్కన కూచున్న పెళ్ళికొడుకు వైపు మొదటిసారి చూశాను. నెగటివు పట్టుకున్న చెయ్యి దించేశాను. ఎడమ చెవి మీదనుంచి తెచ్చి కుడి చెవి దాకా దువ్విన నాలుగు వెంట్రుకలు. వాటి వెనక విశాలంగా మెరుస్తున్న నుదురు. ఆ నుదురు నాకు తెలుసు. కొన్ని నెలల క్రితం ఒక తండ్రి ఆ నుదుటిని మా స్టూడియోకి వెంటబెట్టుకొచ్చి, "కొంచెం నిండుగా కనపడేట్టు చూడండి మాస్టారూ" అన్నాడు. నేను నిండుగానే చూశాను. ప్రింటు మీద నా సన్నబ్రష్షుతో ఒక్కొక్క వెంట్రుకా నాటి, దాన్ని మళ్ళీ ఫోటో తీసి, బ్రష్షు జాడ తెలియకుండా కాపీలు వేసిచ్చాను. ఆ ఏడాదంతట్లో నేను చేసిన గొప్ప పని అదే. ఆ తండ్రి ఇప్పుడు నా వైపు చూడకుండా ఫ్యాను వైపు చూస్తున్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నా బ్రష్షు చెయ్యిని జేబులో పెట్టుకున్నాను.

అంతలో ఆ అమ్మాయి లేచింది. లోపలికెళ్ళి ఒక ఫోటో తెచ్చింది. అమ్మమ్మగారి ముందు పెట్టింది.

"మీరు పంపిన ఫోటో అండి ఇది. దీన్లో ఈయనకి జుట్టు నుదుటి మీదికి పడుతోంది. వచ్చినప్పట్నించీ చూస్తున్నా. నేనేమీ అనలేదు. నా మచ్చ సంగతి తేలాక అడుగుదామని కూచున్నా."

అమ్మమ్మ గారు ఫోటో చూసింది, మనవడి తల చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. వెనక్కి తిప్పింది. వెనకాల మా స్టూడియో ముద్ర.

"ఇదీ మీదేనా?" అంది నన్ను.

కంప్యూటరు గారు ఆ ఫోటో అందుకుని వెలుగులో పెట్టి చూశాడు. ఆ క్షణంలో ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు ఏ కెమెరాకీ అందదు. "గురువుగారూ, ఇది ఫిల్మే కదండీ?" అన్నాడు, అమాయకంగా.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. "తండ్రిగారు అడిగితే..." అన్నాను. తండ్రిగారు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు.

అప్పుడు పెళ్ళికొడుకు మొదటిసారి నోరు విప్పాడు. "నేను వద్దన్నానండి. పంపాక ఇంక ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నా. ఇవాళ పొద్దున దువ్వుకుంటుంటే కూడా సిగ్గేసింది" అని, చెవినుంచి చెవికి దువ్విన ఆ నాలుగు వెంట్రుకల్నీ చేత్తో వెనక్కి తోసేసుకున్నాడు. నున్నటి తల ట్యూబులైటు కింద మెరిసింది. అలా తోసుకున్నాక మనిషి ఎంతో తేలిగ్గా, నిజం చెప్పాలంటే కాస్త అందంగా కూడా కనిపించాడు.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "మా ఫ్యాక్టరీలో శాంపిల్ ఒకటి చూపించి లోడు ఇంకోటి తెస్తే లారీ వెనక్కి పంపించేస్తామండి" అంది.

"మా షాపులో అంతకన్నా ఎక్కువండి" అన్నాడతను. "పాకెట్టు మీద బొమ్మ చూసి విత్తనం కొని, అది మొలవకపోతే రైతు నా అరుగు మీదే కూచుంటాడు."

ఆ అమ్మాయి మచ్చ మొదటిసారి నవ్వింది.

పెద్దవాళ్ళు ఇక సర్దుకుందామన్నారు. ఎదురెదురుగా ఉన్నారు, చూసుకున్నారు, సరేనంటే సరే. కానీ ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "వచ్చినవాళ్ళు నా మాట నమ్మలేదు, ఫోటోని నమ్మారు. ఆ ఫోటోతోనే సరైన మాట చెప్పించండి. ఇద్దరివీ, ఉన్నవి ఉన్నట్టు. అవి వచ్చాకే నేను చెప్తా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "బాబాయ్ గారూ, కెమెరా తెచ్చారా?" అని అడిగింది.

తేకుండా ఎలా ఉంటాను? ఆ రోజుల్లో నా భుజానికి చెయ్యి లేకపోయినా కెమెరా ఉండేది.

"వెనకాల బొమ్మ వెంటనే కనపడే ఆ కంప్యూటరు కెమెరాలో తియ్యండి. ఇప్పుడే చూసి తేల్చేసుకుందాం" అంది అమ్మమ్మ గారు.

"వద్దండి, ఫిల్ములోనే" అంది ఆ అమ్మాయి. "వెంటనే కనపడితే వెంటనే చెప్పమంటారు. నాకు రెండు మూడ్రోజులు కావాలి."

ఇరవై ఏళ్ళకి పైగా ఫిల్ముతో పనిచేసి, దాని గొప్పలు ఎన్నో చెప్పాను. రంగులన్నాను, నీడలన్నాను, మడతలన్నాను. ఆలస్యం కూడా ఒక గొప్పే అని ఎవరో అనగా వినటం అదే మొదలు. ఆడపిల్లకి ఆలోచించుకోవటానికి మన ఇళ్ళల్లో ఎవరూ ఇవ్వని గడువు, ఒక రోలు ఇస్తుందని ఆ పిల్ల కనిపెట్టింది. నేను కనిపెట్టలేదు, కంప్యూటరు గారూ కనిపెట్టలేదు.

పెరట్లో తీశాను. నిశ్చయం కాకుండా ఇద్దరినీ ఒక బొమ్మలో తీయకూడదంటారు కాబట్టి విడివిడిగానే. అమ్మమ్మ గారు కూడా కొంగు సర్దుకుని వచ్చి నిలబడింది. "నన్నూ ఒకటి తియ్యి. పళ్ళు మాత్రం నల్లగా వచ్చాయంటే ఊరుకోను."

రోల్లో ఇంకా బొమ్మలు మిగిలాయి. రోలు అయితేగానీ పంపలేం. ప్రాయశ్చిత్తంగా తనే పూర్తిచేస్తానని కంప్యూటరు గారు కెమెరా అడిగి తీసుకున్నాడు. టీకొట్టు తీశాడు, గాజుల కొట్టు తీశాడు, పోతున్న లారీ తీశాడు. ప్రతి బొమ్మ తీశాక కెమెరా వెనక్కి తిప్పి చూసుకునేవాడు. అక్కడ నల్ల మూత తప్ప ఏమీ లేదు. చూసి, నాలిక కరుచుకుని, మళ్ళీ తీసేవాడు, మళ్ళీ తిప్పేవాడు.

రోలు బస్సెక్కింది. మర్నాడే పెళ్ళికొడుకు నందిగామ నుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. "సరుకు పని మీద పేట వచ్చానండి. పన్లో పనిగా, ఫోటోలు వచ్చాయేమోనని." రాలేదన్నాం. ఆ మర్నాడు ఆ అమ్మాయి ఫ్యాక్టరీ బస్సు దిగి ఇంటికి పోతూ ఆగింది. రాలేదన్నాం. ఆ తర్వాత నుంచి ఆయన సరుకు పనులు, ఈవిడ డ్యూటీ దిగే వేళలు ఎలా కలిశాయో గానీ, ఇద్దరూ ఒకేసారి రావటం మొదలైంది. హంసలూ కొలనూ గీసిన తెర ముందు బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి కూచునేవాళ్ళు. ఆయన చవుడు నేలల గురించి చెప్పేవాడు. ఆవిడ రాళ్ళల్లో సున్నం శాతం గురించి చెప్పేది. ప్రేమ కబుర్లు అలా కూడా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. కంప్యూటరు గారు టీ తెప్పించేవాడు.

ఈసారి ల్యాబువాళ్ళు మామూలు కంటే ఆలస్యం చేశారు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం బస్సులో కవరు వచ్చింది. పసుప్పచ్చ కవరు, విజయవాడ ల్యాబుది. మేమిద్దరమే ఉన్నాం. విప్పి చూశాం.

ఆ అమ్మాయి, పెరటి గోడ ముందు. మచ్చ ఉన్న చోటే ఉంది. చెంప మీద ఎండ, మెడ మీద ఒక చెమట చుక్క, ఏడ్చిన కళ్ళల్లో ఇంకా ఆరని తడి. పెళ్ళికొడుకు తల మీద ఎండ పడి మెరుస్తోంది గానీ ఆ మెరుపులో కూడా చర్మం కనిపిస్తోంది. అమ్మమ్మ గారి పళ్ళు తెల్లగానే ఉన్నాయి, అందుకు నేనే ఎక్కువ సంతోషించాను.

కంప్యూటరు గారు పెళ్ళికొడుకు బొమ్మని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పెట్టి చూశాడు. చివరికి, "గురువుగారూ, ఆయన తెల్లచొక్కాకి గుండీలు కనపడుతున్నాయండి" అన్నాడు.

నేను కూడా ఒక మెట్టు దిగాను. "నువ్వు తీసినవి కూడా బాగానే వచ్చాయిలే. లారీ పోయింది గానీ దుమ్ము బాగా వచ్చింది" అన్నాను.

సరిగ్గా అప్పుడే బయట మోటారుసైకిలు చప్పుడు. నేను కవరు అందుకోబోయాను. కంప్యూటరు గారు నాకంటే ముందు దాన్ని కౌంటరు కిందికి తోసేశాడు. "ఇంకా రాలేదండి. ల్యాబులో రష్షు" అన్నాడు, కన్ను కూడా ఆర్పకుండా.

నేను నోరు తెరిచాను. ఖండిద్దామనే తెరిచాను. అందులోంచి వచ్చింది మాత్రం, "అవునండి, పెళ్ళిళ్ళ సీజను కదా" అని. అన్నాక గుర్తొచ్చింది, అప్పటికి ఆషాఢం వచ్చేసింది. ఊళ్ళో ఒక్క బాజా మోగటం లేదు. పెళ్ళికొడుకు కార్తెలు లెక్కపెట్టుకుని రైతులకి సరుకు అమ్మేవాడు, ఏ మాసమో తెలియనివాడు కాదు. కానీ చాలా గంభీరంగా తల ఊపాడు. "అవునండి, సీజను కదా. రష్షు ఉంటుంది" అని వెళ్ళి బెంచీ మీద కూచున్నాడు.

ఆ వారమంతా మేం అబద్ధాలాడాం. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, ఒకటే అబద్ధాన్ని పదే పదే ఆడితే సరిపోతుందా అన్నది పెద్దలు చెప్పలేదు. ఓనరు గారికి అమ్మమ్మ గారి నుంచి ఫోన్లు. "నా ఫోటో ఏదయ్యా, కడుగుతున్నారా, ఉతుకుతున్నారా?" ఓనరు గారికి నడుంనొప్పి తిరగబెట్టింది.

మీరు కంగారుపడతారని ముందే చెప్పేస్తున్నాను, పెళ్ళయింది. శ్రావణంలో అయింది. నేను ఫిల్ములో, ఆయన డిజిటల్లో తీశాం. పెళ్ళికూతురు మొహం మీద నల్లచుక్క కనపడగానే కంప్యూటరు గారు చెయ్యి వెనక్కి తీసుకుని, "గురువుగారూ, ఇది దుమ్మా, మచ్చా?" అని నన్నడిగేవాడు. ఆ తర్వాత ఏ మొహం వచ్చినా అలాగే అడిగేవాడు. నేనూ ఎవరి తల మీదా మళ్ళీ వెంట్రుకలు నాటలేదు. క్వాలిటీ గురించి అడిగారు కదా. ఫిల్ములో నీడలు బాగుండేవి, మీ డిజిటల్ ఇప్పుడు ఆ నీడల్ని కూడా దాటేసింది, కాదనను. మొహాన్ని మొహంలా ఉంచటం మాత్రం రెంటికీ రాదు. అది వెనకాల ఉన్నవాడి చేతిలో ఉంటుంది.

అసలు సంగతి పెళ్ళికి ముందే, ఆ అబద్ధాల వారంలో ఒక సాయంత్రం తేలింది. ఆ అమ్మాయి ఆ రోజు కొంచెం ముందే వచ్చింది. బెంచీ దగ్గరికి పోకుండా నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి నిలబడింది.

"రాలేదమ్మా" అన్నాను, అడక్కముందే.

"వచ్చింది బాబాయ్ గారూ" అంది. "పసుప్పచ్చ కవరు. కౌంటరు కింద నుంచి ఒక మూల బయటికి కనపడుతోంది. మొన్ననే చూశా."

కంప్యూటరు గారు కంప్యూటరు వెనక్కి తల దాచుకున్నాడు. ఇక దొరికిపోయాం కదా అని వంగి ఆ కవరు తీయబోయాను. ఆ అమ్మాయి గబుక్కున కౌంటరు మీద చెయ్యి వేసింది.

"తియ్యొద్దండి" అంది. మొహం ఎర్రబడింది. "ఇంకో రెండ్రోజులు రాలేదనే చెప్పండి."

బయట మోటారుసైకిలు ఆగింది. ఆయన గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, నోరు తెరవక ముందే, కంప్యూటరు గారూ నేనూ ఒకే గొంతుతో అన్నాం.

"ఇంకా రాలేదండి!"